నొజావా ఒన్సెన్‌కి మొదటిసారి వెళ్తున్నారా? స్కీయింగ్, వేడినీటి స్నానం ఎలా చేయాలో చెబుతాను

టోక్యోలో ఉంటున్న మాకు చలికాలం రాగానే చుట్టాల నుంచి, స్నేహితుల నుంచి ఒకటే ఫోన్: "మంచు చూడాలి, ఎక్కడికి వెళ్లాలి?" నేను ప్రతిసారీ చెప్పేది ఒకే ఊరు, నొజావా ఒన్సెన్. నగానో రాష్ట్రం ఉత్తరపు కొసన, కెనాషి కొండ ఒడిలో ఉంటుంది. ఒన్సెన్ అంటే నేల లోపలి నుంచి తనంతట తాను ఉబికివచ్చే వేడినీటి బుగ్గ. జపాన్‌లో పేరులోనే ఒన్సెన్ ఉన్న గ్రామం ఇదొక్కటే. జనాభా సుమారు 3,500. పగలు కొండ మీద స్కీయింగ్, చీకటి పడ్డాక ఊళ్లో వేడినీటి స్నానం, అదీ ఇక్కడి దినచర్య.

ముందే ఒక విషయం చెప్పాలి, మిగతా సలహాలన్నీ దాని మీదే నిలబడతాయి. ఈ ఊళ్లో 13 ఉచిత స్నానశాలలు ఉన్నాయి. వాటిని సోతోయు అంటారు. అవి హోటళ్లవి కావు, ఏ కంపెనీవీ కావు. ఊరి జనానివి. ప్రతి స్నానశాల చుట్టుపక్కల ఇళ్లవాళ్లు కలిసి 'యు నకమా' అనే బృందంగా ఉంటారు, అంటే నీళ్ల నేస్తాలు. ఎడో కాలం నుంచి, అంటే 17–19 శతాబ్దాల నాటి నుంచి, ఇదే పద్ధతి. వంతులేసుకుని తొట్లు కడుగుతారు, కరెంటు బిల్లు కూడా వాళ్లే పంచుకుంటారు. పొద్దున పొలం పనికో దుకాణానికో వెళ్లే మనిషి, రాత్రి ఆ తొట్టి పాచి తోముతాడు. అందులోకి మనల్ని డబ్బు అడగకుండా రానిస్తున్నారు. కాబట్టి టూరిస్టులా కాకుండా, ఒకరి ఇంటికి వచ్చిన చుట్టంలా అడుగుపెట్టాలి. అలా వెళ్తే ఈ ఊరు మిమ్మల్ని బాగా చూసుకుంటుంది.

ముందుగా నెల నిర్ణయించుకోండి

మంచు డిసెంబర్ మధ్య నుంచి గట్టిగా పడుతుంది. కొండ పైభాగంలో మే మొదటి వారం దాకా స్కీయింగ్ నడుస్తుంది. పొడిలాంటి మెత్తటి మంచు కావాలంటే జనవరి చివర, ఫిబ్రవరి. కానీ మొదటిసారి వచ్చేవాళ్లకు, ముఖ్యంగా అమ్మానాన్నల్నో చిన్నపిల్లల్నో తీసుకొచ్చేవాళ్లకు నేను మార్చి మొదటి రెండు వారాలే చెబుతాను. చలి కొంచెం తగ్గుతుంది, ఎండ కనిపిస్తుంది, రద్దీ పల్చబడుతుంది, మంచు మాత్రం పుష్కలంగా ఉంటుంది. జనవరిలో రెండు మూడు రోజులు ఆగకుండా మంచు కురిసి ఎదురుగా ఉన్న మనిషి కనిపించని పరిస్థితి వస్తే పెద్దవాళ్లకు టెన్షన్ తప్ప ఆనందం ఉండదు. డిసెంబర్ చివరి వారం నుంచి జనవరి 3 వరకు జపాన్ వాళ్లకు కొత్త సంవత్సరం సెలవులు. గదులు దొరకవు, దొరికినా ధర మండిపోతుంది.

ఇండియా నుంచి వస్తున్నట్లయితే వీసా తప్పనిసరి. ఆ పని ముందే పెట్టుకోండి. ట్రావెల్ ఇన్సూరెన్స్ కొనేటప్పుడు స్కీయింగ్ దెబ్బలకు వర్తిస్తుందో లేదో చదివి మరీ కొనండి. చాలా మామూలు పాలసీల్లో మంచు ఆటలు ఉండవు, వాటికి అదనంగా కట్టాలి.

దారి

టోక్యో స్టేషన్ నుంచి హొకురికు షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైలు ఎక్కి ఈయామా అనే స్టేషన్‌లో దిగాలి. 2015 మార్చిలో ఈ లైను పొడిగించినప్పుడు ఇక్కడ షింకన్‌సెన్ ఆగడం మొదలైంది. అంతకుముందు నగానోలో దిగి అక్కడి నుంచి ఇంకో ప్రయాణం ఉండేది. టోక్యో నుంచి ఈయామాకి రెండు గంటల లోపే పడుతుంది.

ఇక్కడ చాలామంది పొరపాటు పడతారు. ఒకే ప్లాట్‌ఫాం మీద, అదే లైన్లో కగాయాకి, హకుతకా అని రెండు రకాల బళ్లు వస్తాయి. కగాయాకి వేగంగా పోతుందని సంబరపడి ఎక్కితే అది ఈయామాలో ఆగదు. మీకు కావలసింది హకుతకా. అందులోనూ ఈయామా పేరు ఉందో లేదో టికెట్ కొనేటప్పుడే చూసుకోండి. ఈయామా స్టేషన్ బయటి నుంచి నొజావా ఒన్సెన్ లైనర్ అనే బస్సు ఉంటుంది, 25 నిమిషాల దారి. బస్సు వేళలు చూసుకుని దానికి తగ్గట్టు రైలు ఎంచుకోవాలి, రైలు కొన్నాక బస్సు చూడటం కాదు. చలికాలం సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. వెలుగుండగానే ఊరు చేరేలా పెట్టుకోండి.

పెద్ద సూట్‌కేసులు మోసుకురావద్దు. ఊరంతా ఎత్తుపల్లాలు, సందులు ఇరుకు, నేల మీద మంచు. చక్రాల పెట్టె ఆ మంచులో కదలదు. జపాన్‌లో తక్యూబిన్ అనే సామాన్ల రవాణా సర్వీసు ఉంది. టోక్యో హోటల్ నుంచే మీ పెట్టెను నొజావాలో బస చేసే చోటికి పంపేయవచ్చు. మంచు ఎక్కువైతే ఆలస్యం కావచ్చు కాబట్టి రెండు రోజులు ముందు పంపి, ఒక రాత్రికి సరిపడా బట్టలు భుజానికి తగిలించుకుని బయల్దేరండి.

బస ఎక్కడ

ఊరి మధ్యలో ఓయు అనే స్నానశాల ఉంది. చెక్కతో, పాత ఎడో కాలం తీరులో కట్టిన అందమైన భవనం. దానికి నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకోండి. స్కీ లిఫ్ట్ పక్కనే ఉండాలని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. పొద్దున స్కీలు భుజాన వేసుకుని పది నిమిషాలు నడవడం కష్టం కాదు. రాత్రి స్నానం చేసి, ఒంట్లోంచి ఆవిరి వస్తుండగా మెత్తగా మంచు పడే సందులో గదికి నడిచి రావడం ఉంది చూశారూ, దాని కోసమే ఈ ఊరు రావాలి. పైగా హికగే స్కీ మైదానానికి ఎక్కడానికి 'యు రోడ్' అని కదిలే నడకదారి వేశారు. నిలబడితే చాలు, అదే పైకి తీసుకెళ్తుంది.

మిన్‌షుకు అంటే ఒక కుటుంబం నడిపే బస. ర్యోకాన్ అంటే సంప్రదాయ హోటల్. రెండిట్లోనూ అద్దె తలకు ఇంత అని ఉంటుంది, గదికి కాదు. బుక్ చేసేటప్పుడు ఇది చూడకపోతే లెక్క తప్పుతుంది. నేల మీద పరుపు వేసుకుని పడుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లుంటే మంచం ఉన్న గది అడగండి. వాళ్లుంటే లోపలే స్నానపు తొట్టి ఉన్న బస తీసుకోవడం మంచిది, రాత్రిపూట జారుడు మెట్లు దిగే బాధ తప్పుతుంది.

తిండి సంగతి

మాంసాహారులకు ఇబ్బంది లేదు. శాకాహారులకు మాత్రం కొంచెం ప్లానింగ్ కావాలి. జపాన్ వంటలో అసలు చిక్కు ముక్కల్లో కాదు, రసంలో ఉంటుంది. ఎండబెట్టిన కత్సువొ చేపతో కాచిన దాషి సూపులో, నూడుల్స్‌లో, కూరగాయల్లో, ఒక్కోసారి పచ్చళ్లలో కూడా కలిసి ఉంటుంది. కంటికి కనిపించదు. అందుకే బుక్ చేసేటప్పుడే రాసి పంపండి. "నికు, సకనా, కత్సువొ దాషి వా తబెరరెమసెన్" అంటే మాంసం, చేప, చేప రసం తినలేము అని అర్థం. చిన్న బసల్లో మా వల్ల కాదని చెప్పవచ్చు. అలా చెప్పారంటే నిజాయితీగా చెప్పినట్టే. అప్పుడు రాత్రి భోజనం లేకుండా గది తీసుకోండి.

మేము అలా వెళ్లినప్పుడు దుకాణంలో ఉప్పు మాత్రమే వేసిన అన్నం ముద్దలు కొని, ఆవకాయ కలుపుకుని తిన్నాం. గదిలో వేడినీళ్ల కెటిల్ ఉంటుంది, ఇన్‌స్టంట్ ఉప్మా ప్యాకెట్లు ప్రాణం నిలబెడతాయి. కానీ ఇండియా నుంచి తెచ్చేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి, రొయ్యలు కాకుండా ఏ మాంసంతో చేసిందైనా సరే, జపాన్‌లోకి తేవడానికి వీల్లేదు. సీసాకి ఎంత సీలు వేసినా ఒప్పుకోరు. పచ్చి కరివేపాకు, పళ్లు కూడా సంచిలో పెట్టుకోకండి.

ఈ ఊరి సొంత రుచి నొజావానా. ముల్లంగి ఆకులా పొడుగ్గా పెరిగే కూర. కెన్‌మేయి గుడి పూజారి ఒకరు 18వ శతాబ్దంలో ఒసాకాలోని తెన్నోజి నుంచి ఒక రకం దుంప విత్తనాలు తెచ్చి ఇక్కడ నాటితే, ఈ కొండ చలికి దుంప ఊరకుండా ఆకే ఏపుగా పెరిగిందని ఊళ్లో చెప్పుకునే కథ. శరదృతువు చివర కోత కోసి, స్నానశాలల వేడినీళ్లలోనే కడిగి, ఉప్పులో ఊరబెడతారు. కాడ కొరికితే కరకరలాడుతుంది. వీధుల్లో ఓయాకి అమ్ముతారు, గోధుమపిండి ముద్దలో ఈ ఆకో గుమ్మడికాయో ఎర్ర చిక్కుడు గింజల తీపి ముద్దో పెట్టి ఆవిరికి ఉడికించినవి. ఆకు కూరినదాంట్లో చేప రసం ఉండొచ్చు. శాకాహారులు గుమ్మడికాయది, తీపిది ఎంచుకుని, అయినా ఒకసారి అడిగి తినండి.

మొదటి సాయంత్రం: నీళ్లలో దిగడం

స్కీయింగ్ కంటే ముందు స్నానం పెట్టుకోండి. ప్రయాణం బడలిక తీరుతుంది, ఊరి పద్ధతి అర్థమవుతుంది.

అసలు సంగతి సూటిగా చెబుతాను. ఒంటి మీద బట్ట ఉండదు. ఈత దుస్తులు కూడా వేసుకోకూడదు. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరు గదులు. మన ఇళ్లలో పెరిగినవాళ్లకు ఇది చాలా పెద్ద అడుగు. మా అమ్మను మొదటిసారి తీసుకెళ్లినప్పుడు తలుపు దగ్గరే ఆగిపోయింది, "నావల్ల కాదే" అంది. లోపల ఒక ముసలావిడ చెంబుతో నీళ్లు పోసుకుంటోంది. మా మొహాలు చూడకుండానే, పక్కకి జరిగి, చేత్తో నేల తట్టి చోటు చూపించింది. అంతే. అమ్మ పది నిమిషాల తర్వాత గొంతు దాకా నీళ్లలో కూర్చుని అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది: "కార్తీకంలో తెల్లారుజామున గోదాట్లో మునిగేటప్పుడు ఎవరు ఎవర్ని చూశారు?" నిజంగా అంతే. ఎవరూ చూడరు. మనం చూడకపోవడమే అక్కడి మర్యాద.

అయినా మనసు ఒప్పకపోతే బలవంతం పెట్టుకోవద్దు. కొన్ని బసల్లో కషికిరి అని కుటుంబానికి మాత్రమే తలుపు వేసి ఇచ్చే స్నానం ఉంటుంది. ఊళ్లో కాళ్లు మాత్రమే నీళ్లలో పెట్టుకుని కూర్చునే ఆషియు కూడా ఉంది. ఫురుసాతో నో యు అనే డబ్బు కట్టి వెళ్లే స్నానశాలలో కుళాయిలు, షవర్లు, సబ్బు కడుక్కునే చోటు అన్నీ ఉంటాయి. తడబడేవాళ్లు అక్కడ మొదలుపెట్టి, తర్వాత సోతోయుకి రావచ్చు.

ఇక వెళ్లే ముందు. ఒంటి మీద వెండి తీసేయండి. ఇది గంధకపు నీరు, వెండిని నల్లగా చేసేస్తుంది. పట్టీలు, వెండి మొలతాడు, ఉంగరాలు గదిలో పెట్టి రండి. మెట్టెలు తీయడం ఇష్టం లేనివాళ్లు నల్లబడతాయని తెలిసే దిగండి. తర్వాత తోమితే తెల్లబడతాయి, కంగారు అక్కర్లేదు. కడుపు నిండా తిన్న వెంటనే దిగకండి. మద్యం తాగి అసలే దిగకండి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందుగా డాక్టర్‌ని అడగాలి. ఒక గ్లాసు మంచినీళ్లు తాగి బయల్దేరండి. చేతిలో చిన్న తుండు, తడి తుండు పెట్టుకోవడానికి ప్లాస్టిక్ కవరు, ఒక 100 యెన్‌ల నాణెం చాలు. ఫోన్, పర్సు గదిలోనే ఉంచండి. సోతోయులో సబ్బు, షాంపూ ఉండవు.

గుమ్మంలో ఏ తలుపు ఎవరిదో జపాన్ అక్షరాల్లో ఉంటుంది. ఆడ, మగ అనే ఆ రెండు అక్షరాలూ బసలోనే అడిగి గుర్తుపెట్టుకోండి. తలుపు పక్కన చిన్న పెట్టె కనిపిస్తుంది. అది దేవుడి హుండీ లాంటిదే, నాణెం అందులో వేయండి. ఇది ఊరికే పోలిక కాదు. ఈ 13 స్నానశాలలకూ 13 మంది దేవతలు కాపలా ఉన్నారు. ఓయులో యకుషి బుద్ధుడు, మిగతా పన్నెండింటిలో ఆయన పన్నెండుగురు రక్షకులు. యకుషి అంటే సంస్కృతంలో భైషజ్యగురువు, మందులిచ్చే బుద్ధుడు. రోగం తగ్గించే నీళ్లకు వైద్యుడైన దేవుణ్ణే కాపలా పెట్టుకున్నారు ఈ ఊరివాళ్లు. నాకు ఇది తెలిసినప్పటి నుంచి ఆ గుమ్మంలో ఒక క్షణం ఆగి నమస్కారం పెట్టకుండా లోపలికి వెళ్లబుద్ధి కాదు.

లోపల బట్టలు మార్చుకునే గది వేరుగా ఉండకపోవచ్చు. చాలా చోట్ల అరలు, తొట్టి ఒకే గదిలో ఉంటాయి. చెప్పులు గుమ్మంలో వదిలి, బట్టలు అరలో పెట్టి, తొట్టి పక్కన కిందికి వంగి కూర్చోండి. నిలబడి పోసుకుంటే నీళ్లు పక్కవాళ్ల మీద చిందుతాయి. అక్కడున్న చెంబుతో తొట్టిలో నీళ్లు తీసుకుని ముందు పాదాలకు, తర్వాత తొడలకు, నడుముకు, చివరికి భుజాలకు పోసుకోండి. పది చెంబులకు తగ్గకూడదు. ఒళ్లు శుభ్రం చేసుకోవడానికే కాదు, వేడికి శరీరాన్ని అలవాటు చేయడానికి కూడా. సబ్బు వాడితే నురుగు ఒక్క చుక్క తొట్టిలో పడకూడదు. పొడుగు జుట్టు ముడి వేసుకోండి, వెంట్రుక నీళ్లకు తగలకూడదు. తుండు నీళ్లలో ముంచకండి, మడిచి తల మీద పెట్టుకోండి.

నీళ్లు కాలుతాయి. ఇంట్లో తలంటికి కాచుకునే నీళ్లనుకుని దిగకండి. కొన్నింటిలో 45 డిగ్రీలు కూడా దాటుతుంది. ఓయులో రెండు తొట్లు ఉంటాయి, ఒకటి బాగా వేడి, రెండోది కొంచెం నయం. నయంగా ఉన్నదాంతో మొదలుపెట్టండి. కుమా నో తెఅరాయు అనే ఇంకో స్నానశాల కూడా కొత్తవాళ్లకు అనువైనది. ఆ పేరుకి ఎలుగుబంటి చేతులు కడుక్కున్న నీళ్లని అర్థం. దెబ్బ తగిలిన ఎలుగుబంటి ఒకటి ఆ బుగ్గలో గాయం నయం చేసుకుంటుంటే చూసి మనుషులు ఈ నీటి గుణం తెలుసుకున్నారట. బుగ్గల్ని కనిపెట్టింది గ్యోకి అనే బౌద్ధ భిక్షువని ఇంకో కథ.

దిగేటప్పుడు కాళ్లు పెట్టి కొంచెం ఆగి, నెమ్మదిగా కూర్చోండి. కూర్చున్నాక కదలకండి. కదిలితే ఒంటి చుట్టూ కొంచెం చల్లబడిన నీరు చెదిరి వేడినీరు కొత్తగా తగులుతుంది, మరింత మండుతుంది. మొదటిసారి రెండు మూడు నిమిషాలు చాలు. పైకొచ్చి గట్టు మీద కూర్చుని, ఊపిరి తీసుకుని, మళ్లీ దిగండి. లేచేటప్పుడు గబుక్కున లేవకండి, కళ్లు తిరుగుతాయి. నీరు భరించలేకపోతే చన్నీళ్ల కుళాయి ఉంటుంది. కానీ ముందు లోపలున్నవాళ్లను అడగాలి: "మిజు ఒ ఇరెతెమో ఈ దెస్ కా?" అంటే నీళ్లు కలపవచ్చా అని. దాదాపు అందరూ నవ్వుతూ సరేనంటారు. కొంచెం కలిపి కుళాయి కట్టేయండి. దాన్ని తెరిచి వదిలేసి వెళ్లిపోవడమే ఊరివాళ్లకు అన్నిటికన్నా బాధ కలిగించే పని. తొట్టి చల్లారిపోతే రోజంతా మంచు ఎత్తిపోసి వచ్చిన మనిషికి ఆ రాత్రి స్నానం ఉండదు.

బయటకు వచ్చేటప్పుడు, అరల దగ్గరికి వెళ్లకముందే తుండు పిండి ఒళ్లంతా తుడుచుకోండి. ఆ చెక్క నేల తడవకూడదు. రాత్రి 11 వరకు తెరిచి ఉంటాయి. నా మాటగా తొమ్మిది తర్వాత వెళ్లండి, సద్దు ఉండదు.

దారిలో ఒగామా దగ్గర ఆగండి. అయిదు మడుగుల్లో దాదాపు 90 డిగ్రీల నీరు కుతకుతలాడుతూ ఉంటుంది. ఊరివాళ్లు అక్కడ కూరలు, గుడ్లు ఉడకబెట్టుకుంటారు. పూర్వం జనపనార నానబెట్టేవారు కాబట్టే దానికి జనుము కాగు అనే అర్థం వచ్చే పేరు. అది ఊరి వంటిల్లు. కంచె దాటి మనం వెళ్లకూడదు, కాలు జారితే ప్రాణం మీదికొస్తుంది. బయట నిలబడి చూడండి.

రెండో రోజు: మంచు మీద

ఈ ఊరికి స్కీయింగ్ నిన్నమొన్న వచ్చింది కాదు. 1923లోనే ఇక్కడ స్కీ క్లబ్బు పెట్టుకున్నారు. 1930లో ఆస్ట్రియా నుంచి హానెస్ ష్నైడర్ అనే ప్రసిద్ధ శిక్షకుడు జపాన్ వచ్చినప్పుడు ఇక్కడికి కూడా వచ్చి నేర్పాడు. ఆయన ఊరు సాంక్ట్ ఆంటోన్‌తో 1971లో నొజావా అక్కాచెల్లెళ్ల ఊరి బంధం కలుపుకుంది. 1998 నగానో ఒలింపిక్స్‌లో బయథ్లాన్ పోటీలు, అంటే స్కీయింగ్, తుపాకీ గురి కలిసిన ఆట, ఇక్కడే జరిగాయి. కొండ మీద స్కీ మైదానం ఎత్తు 1,650 మీటర్లు, అక్కడి నుంచి కింది వరకు దిగుడు 1,085 మీటర్లు.

సామాను కొనకండి, అద్దెకు తీసుకోండి. ముందు రోజు సాయంత్రమే దుకాణానికి వెళ్లి కొలతలు ఇచ్చేస్తే పొద్దున గంట కలిసొస్తుంది. కాలి కొలత సెంటీమీటర్లలో అడుగుతారు, తెలుసుకుని వెళ్లండి. బరువు అడిగితే మొహమాటపడి తగ్గించి చెప్పవద్దు. మీరు పడినప్పుడు బూటు స్కీ నుంచి ఎంత బలానికి విడిపోవాలో ఆ బరువును బట్టే బిగిస్తారు. తప్పు చెబితే మోకాలు దెబ్బతింటుంది.

స్కీ బూటు బిగుతుగా, అసౌకర్యంగానే ఉంటుంది. ముందుకు వంగితే వేళ్లు వెనక్కి జరగాలి, నిటారుగా నిలబడితే ముందు కొంచెం తగలాలి. మేజోళ్లు ఒక్క జతే. చలి అని నేను మొదటిసారి రెండు జతలు వేసుకున్నాను. రక్తం ఆడక వేళ్లు మొద్దుబారాయి, మధ్యాహ్నానికే దిగిపోవాల్సి వచ్చింది. మేజోళ్లు, లోపలి బనియన్ నూలువి కాకుండా ఉన్నివో సింథటిక్‌వో వేసుకోండి. నూలు చెమట పీల్చి ఆరదు, ఆ తడి గడ్డకడుతుంది. జీన్స్ అసలొద్దు. జాకెట్, ప్యాంటు అద్దెకు దొరుకుతాయి. గ్లౌజులు, టోపీ, గాగుల్స్ మాత్రం చాలా చోట్ల కొనుక్కోవాలి, టోక్యోలోనే కొనుక్కొస్తే చవక. హెల్మెట్ తీసుకోకుండా ఎక్కవద్దు, పిల్లలకైతే మరీనూ.

తర్వాత చేయాల్సింది పాఠం. స్నేహితుడు నేర్పుతాడులే అనుకోకండి. ఇంగ్లీషులో నేర్పే శిక్షకులు ఇక్కడ ఉన్నారు, ముందే బుక్ చేసుకోవాలి. మొదటి రెండు గంటలు హికగే మైదానంలోనే గడపండి. అక్కడ నేల వాలు తక్కువ. నేర్చుకోవలసినవి మూడే: పడటం, లేవడం, ఆగడం. వేగం ఎక్కువైందనిపిస్తే పక్కకు, పిరుదుల మీద కూర్చుంటున్నట్టు పడాలి. చేతులు వెనక్కి పెట్టకూడదు, మణికట్టు విరుగుతుంది. లేచేటప్పుడు రెండు స్కీలనూ వాలుకు అడ్డంగా తిప్పుకోవాలి, లేకపోతే లేచీ లేవగానే జారిపోతారు. ఆగడానికి స్కీల ముందు కొసలు దగ్గరకు, మడమలు దూరంగా పెట్టాలి. పిజ్జా ముక్క ఆకారం అంటారు. ఇక్కడ మనవాళ్లందరూ చేసే తప్పొకటుంది. భయం వేస్తే వెనక్కి వాలుతాం. వెనక్కి వాలితే స్కీలు ముందుకు దూసుకుపోతాయి, వాటి మీద అదుపు ఉండదు. భయం వేసినప్పుడే పిక్కలు బూటు ముందు భాగాన్ని నొక్కేలా ముందుకు వంగాలి. ఒళ్లు ఒప్పుకోదు, కానీ రెండోసారికి ఒప్పుకుంటుంది.

పిజ్జా ఆకారంలో ఆగడం వచ్చాక హికగే గాండోలా (తీగ మీద నడిచే మూసిన పెట్టె) ఎక్కి ఉఎనోతాయిరాకి వెళ్లండి. పైన విశాలమైన మైదానం. అక్కడ జారి, కిందికి దిగే ధైర్యం లేకపోతే గాండోలాలోనే దిగి రావచ్చు. మధ్యాహ్నం మూడు తర్వాత కాళ్లు అలసిపోతాయి, మంచు గట్టిపడుతుంది. ఆఖరి రౌండు వద్దు. కొండ పైభాగంలోని యమాబికో అనే చోటు చుట్టూ చెట్లు మంచు కప్పుకుని తెల్లటి బొమ్మల్లా నిలబడి ఉంటాయి. అది చూడాలంటే నాగసకా గాండోలా, ఆపైన లిఫ్ట్ ఎక్కాలి. స్కీయింగ్ కాస్త వచ్చినవాళ్లు మూడో రోజుకు పెట్టుకోండి. తాడు కట్టిన చోట దాటవద్దు. ఆ అవతల మెత్తటి మంచు ఎంత ఊరించినా, కింద వాగు ఉండొచ్చు, మంచు చరియ విరగవచ్చు.

స్కీయింగ్ చేయని పెద్దవాళ్లను గదిలో కూర్చోబెట్టకండి. గాండోలాలో పైకి వెళ్లి చూసి రావచ్చు. ఊళ్లో నడవడానికి అడుగు గరుకుగా ఉన్న మంచు బూట్లు, వాటికి తొడిగే రబ్బరు ముళ్ల పట్టీలు కొనివ్వండి. పడేది కొండ మీద కాదు, ఎక్కువగా ఊరి సందుల్లోనే.

జనవరి 15న వస్తే

ఏటా ఆ రాత్రి దోసోజిన్ పండుగ, అంటే దారులను కాపాడే దేవుడి పండుగ. మనం భోగి మంటలు వేసిన మర్నాడో ఆపై రోజో ఇక్కడ ఊరంతా మంట చుట్టూ చేరుతుంది. ఊరివాళ్లు పెద్ద పెద్ద దుంగలతో ఒక గుడి లాంటి కట్టడం లేపుతారు. 42 ఏళ్ల మగవాళ్లు దాని పైన కూర్చుంటారు, 25 ఏళ్లవాళ్లు కింద నిలబడి కాపలా కాస్తారు. ఆ రెండు వయసులూ మగవాళ్లకు గండం అని ఇక్కడి నమ్మకం. మిగతా ఊరు కాగడాలతో మీదికి వస్తుంది, కుర్రాళ్లు పైన్ కొమ్మలతో ఆ నిప్పును కొట్టి ఆర్పుతారు. చివరికి కట్టడం మొత్తం కాలిపోతుంది. 1993లో దీన్ని జాతీయ జానపద సాంస్కృతిక సంపదగా ప్రకటించారు. గది ఒక ఏడాది ముందే అయిపోతుంది. వచ్చేవాళ్లు సింథటిక్ జాకెట్ వేసుకుని ముందు వరసలో నిలబడకండి, నిప్పురవ్వ పడితే చిల్లి పడుతుంది. చిన్నపిల్లలతో వెనక నిలబడండి. ఎవరైనా సాకె (బియ్యంతో చేసే మద్యం) పోయబోతే వద్దని చెయ్యి అడ్డం పెడితే చాలు.

బయల్దేరే రోజు

స్కీ సామాను ముందు రోజు సాయంత్రమే తిరిగి ఇచ్చేయండి. ఆఖరి పొద్దున స్నానానికి వదిలేయండి. ఆ వేళకు వచ్చేది ఎక్కువగా ఊరి పెద్దలే. "ఒహయో గొజాయిమాస్" అని పలకరించి లోపలికి వెళ్లండి. వచ్చేటప్పుడు మీరు వాడిన చెంబు కడిగి బోర్లించి, అది ఎక్కడుందో అక్కడే పెట్టండి.

ఇంటికి తీసుకెళ్లడానికి హతోగురుమా బాగుంటుంది. అకెబి తీగతో అల్లిన పావురం, కింద చక్రాలు. ఇక్కడి చేతిపని, బరువు ఉండదు. నొజావానా పచ్చడి కొంటే చల్లగా ఉంచాల్సిన రకమా, బయట ఉంచగలిగేదా అని దుకాణంలో అడగండి. రైల్లో హీటర్ వేస్తారు, కవరు ఉబ్బి రసం కారుతుంది. తడి తుండును రెండు కవర్లలో చుట్టండి, గంధకం వాసన మిగతా బట్టలకు పడుతుంది. ఈయామా బస్సుకు 15 నిమిషాలు ముందే స్టాపు దగ్గర నిలబడండి. మంచు పడే రోజుల్లో బస్సు ఆలస్యం కావచ్చు, కాబట్టి రైలు టికెట్టుకు, బస్సు చేరే వేళకు మధ్య కనీసం 40 నిమిషాలు ఖాళీ ఉంచుకోండి.